పిడుగువాన హెచ్చరికయు, మన నేతవీధుల బాధ్యతయు

చైత్రము ప్రవేశించినది మొదలు మృగశిర కార్తె వరకు మన నేతవీధులలో పెద్దవారి చూపు రెండు చోట్ల ఉండును. ఒక చూపు వీధిలో పరచిన పడుగు మీద, రెండవ చూపు వాయవ్యపు మూల ఆకాశము మీద. ఉదయమంతయు నిప్పులు చెరిగిన ఎండ మధ్యాహ్నము మూడు గంటలకు చప్పున మందగించును. ఆకు కదలదు. కొండల మీద నల్లగా ఒక గోడ లేచును. అరగంట తిరుగక ముందే దుమ్ము, ఈదురుగాలి, ఉరుములు, పిడుగులు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు అన్నియు కలిసి వీధిలో వచ్చి పడును. గంట సేపటికి ఆకాశము మరల తేటపడును. కాని ఆ గంటలో తడిసిన పడుగు, ఎగిరిపోయిన రేకు, నీరు నిండిన మగ్గపు గుంట ఒక కుటుంబము యొక్క నెలరోజుల లెక్కను తారుమారు చేసి పోవును.

మేము గంజాం తీరమున, బరంపురము ప్రాంతమున, కొన్ని తరములుగా మగ్గమును నమ్ముకొని బ్రతుకుచున్న కుటుంబములవారము. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడునంతవరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోనే ఉండినది. ఎల్లలు మారినవి గాని మన మగ్గము మారలేదు, మన మాట మారలేదు. ఇరుగుపొరుగు ఒడియా వారు ఈ వేసవి గాలివానను కాలబైశాఖి అందురు. మనము పిడుగువాన అందుము. పేరేదైనను అది మన వృత్తికి ఏటేటా చేయుచున్న నష్టమును గూర్చి మన సంఘములలో చర్చ జరిగినది చాల తక్కువ. నూలు ధరను గూర్చి, రిబేటును గూర్చి, మరమగ్గముల పోటీని గూర్చి ఎన్నో తీర్మానములు చేసికొంటిమి. పిడుగువానను మాత్రము దైవాధీనమని విడిచిపెట్టితిమి.

మేము చెప్పదలచినది ఒక్కటే. పిడుగువానకు నేడు ముందుగా హెచ్చరిక వచ్చుచున్నది. ఆ హెచ్చరికను అందుకొని పని ఆపు ఏర్పాటు మన వీధులలో లేదు. ఆ ఏర్పాటు చేయుట సంఘముల విధి. పని ఆపినందువలన కలుగు నష్టమును నేతగాడొక్కడే భరించవలసి యున్నంతకాలము ఏ హెచ్చరికయు అతనికి ఉపయోగపడదు.

తుపాను విషయములో మన తీరప్రాంతము ఎంత నేర్చుకొన్నదో ముందు చూతము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1999 అక్టోబరు 29న పారదీపు వద్ద తీరము దాటిన పెనుతుపాను ఒరిస్సాలో సుమారు పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. 2013 అక్టోబరు 12న మన గోపాలపురము వద్దనే ఫైలిన్ తుపాను తీరము దాటినది. అప్పుడు దాదాపు పది లక్షలమందిని ముందుగానే సురక్షిత స్థలములకు తరలించిరి. ఇండ్లు పోయినవి, చెట్లు పోయినవి. కాని చనిపోయినవారి సంఖ్య పదులలోనే ఆగినది. గాలి తగ్గినందువలన గాదు ఈ భేదము. హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరు ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయించి యుంచిరి గనుకనే ప్రాణములు దక్కినవి.

పిడుగువాన సంగతి వేరు. తుపాను కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున సముద్రము మీద రోజుల తరబడి ప్రయాణము చేయును గనుక దానిని నాలుగైదు రోజుల ముందే కనిపెట్టవచ్చును. పిడుగు మేఘము ఒక్కొక్కటి పది ఇరువది కిలోమీటర్లకు మించని వెడల్పు గలది. అది పుట్టి పెరిగి కురిసి చచ్చుటకు సామాన్యముగా ఒకటి రెండు గంటలు చాలును. మేఘములు వరుసగా కూడి దండుగా కదలినప్పుడు మాత్రము మరికొన్ని గంటలు నిలుచును. అందుచేత రేపు మధ్యాహ్నము మన జిల్లాలో పిడుగువానకు అవకాశము కలదని ముందురోజు చెప్పగలరు గాని, అది ఫలానా వీధి మీద ఫలానా గంటకు కురియునని ముందురోజు చెప్పగలవారు లేరు.

ఇది ఏల పుట్టునో తెలిసికొనుట కష్టము గాదు. వేసవిలో నేల కాగి దాని మీది గాలి తేలికపడి పైకి లేచును. మధ్యాహ్నమునకు బంగాళాఖాతము మీదినుండి తేమగాలి తీరము దాటి లోపలికి వచ్చును. పైభాగమున పడమటి దిక్కునుండి పొడిగాలి వీచుచుండును. క్రింద వేడి, తేమ, పైన చలి, పొడి. ఈ రెండును కలిసినచోట గాలి స్తంభమువలె పైకి ఎగబ్రాకి పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు మేఘము పేరుకొనును. అంత ఎత్తున నీరు మంచు రవలగును. చిన్న రవలును పెద్ద గడ్డలును ఒకదానితో నొకటి రాచుకొనుటవలన మేఘములో విద్యుత్తు చేరును. ఆ విద్యుత్తు భూమికి దిగుటయే పిడుగు. దాని దారిలోని గాలి ముప్పదివేల డిగ్రీల వరకు వేడెక్కునని శాస్త్రజ్ఞుల లెక్క. వానతో కలిసి చల్లని బరువు గాలి మేఘమునుండి క్రిందికి కూలి నలుదిక్కులకు విరజిమ్మును. వానకు ముందు మన వీధిలో దుమ్ము లేపి రేకులను ఎగురగొట్టు ఈదురుగాలి ఇదే. గాలి వేగము గంటకు 62 కిలోమీటర్లు దాటినచో దానిని వాతావరణ శాఖవారు తీవ్రమైన ఉరుముల వానగా లెక్కింతురు.

ఇక హెచ్చరిక సంగతి. 1875లో నెలకొల్పబడిన భారత వాతావరణ శాఖ నేడు జిల్లాల వారీగా సూచనలు ఇచ్చుచున్నది. వాటికి నాలుగు రంగులు. ఆకుపచ్చ అనగా భయము లేదు. పసుపు అనగా కనిపెట్టి యుండుడు. నారింజ అనగా సిద్ధముగా ఉండుడు. ఎరుపు అనగా వెంటనే తగిన చర్య తీసికొనుడు. రానున్న కొన్ని రోజులకు ఇచ్చు సూచన ఒకటి. ఇది గాక రాబోవు మూడు గంటలకు మాత్రమే వర్తించు తక్షణ సూచన మరియొకటి. ఈ రెండవదే పిడుగువానకు ముఖ్యము. బరంపురమునకు అతి సమీపమున, గోపాలపురములో, డాప్లర్ రాడారు కలదు. పారదీపులోను, విశాఖపట్నములోను, మచిలీపట్నములోను, చెన్నపట్నములోను ఇట్టివి ఉన్నవి. మేఘము ఎక్కడ పెరుగుచున్నది, ఏ దిక్కునకు కదలుచున్నది, లోపల గాలి ఎంత జోరుగా ఉన్నది అను సంగతులను ఇవి కొద్ది నిమిషముల కొకసారి చూపుచుండును.

పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు పిడుగుల కొరకే దామిని అను ఒక సాధనమును ఫోనులలో ఉంచుకొనునట్లు తయారుచేసిరి. దేశములో పలుచోట్ల నెలకొల్పిన గ్రాహకములు పిడుగు ఎక్కడ పడినదో పసిగట్టును. మన చుట్టు ఇరువది, నలుబది కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుచున్నచో ఆ సంగతి మన ఫోనుకు తెలియజేయును. దీనికి రుసుము లేదు. సామాన్యమైన ఫోను కలిగిన ఏ కుఱ్ఱవాడైనను దీనిని పెట్టుకొనవచ్చును.

ఇంత శ్రద్ధ ఏల అని అడుగువారికి కొన్ని లెక్కలు మనవి చేయుచున్నాము. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశములో 13 గంటలలో 36 వేలకు పైగా పిడుగులు నమోదైనవి. 2023 సెప్టెంబరు 2న ఒడిశాలో రెండు గంటల వ్యవధిలో 61 వేల పిడుగులు మెరసినవని రాష్ట్ర అధికారులు ప్రకటించిరి. ఆ దినమున 12 మంది చనిపోయిరి. దేశము మొత్తము మీద 2022లో పిడుగుపాటున 2,887 మంది మరణించినట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ఆ సంవత్సరము ప్రకృతి వైపరీత్యములకు బలియైనవారిలో మూడవ వంతుకు పైగా పిడుగువలననే పోయిరి. ఒడిశా ప్రభుత్వము 2015లోనే పిడుగును రాష్ట్రపు ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయము ఇచ్చుచున్నది. పిడుగు దైవాధీనమని ప్రభుత్వమే ఊరకుండనప్పుడు మనము ఊరకుండుట తగునా?

మన వీధిలో జరిగిన ఒక సంగతి చెప్పి తరువాత మా అభిప్రాయము చెప్పుదుము. పడుగుకు గంజి పెట్టు పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించుట మన పెద్దల పద్ధతి. ఆ ఏడు వైశాఖములో నూలు ఇయ్యవలసిన వారు నాలుగు రోజులు ఆలస్యముగా ఇచ్చిరి. గడువు మాత్రము పొడిగించలేదు. చేయునది లేక ఒక పెద్దాయన మధ్యాహ్నము పడుగు పరచెను. ఇంటిల్లిపాదియు గంజి పెట్టి కుంచెలతో దువ్వుచుండిరి. మూడు గంటల వేళ మనుమడు ఫోను పట్టుకొని పరుగున వచ్చెను.

"తాతా, పిడుగులు పడతాయంట. దగ్గరలోనే చూపిస్తంది. తీసేద్దామా?"

"ఉండరా నాయినా, ఈ చివర దువ్వేస్తే అయిపోద్ది. మొన్నా ఇలాగే వచ్చిందన్నావు, చుక్క పడలేదు."

"మబ్బు చూడు తాతా!"

"చూశాన్లే. ఇప్పుడు తీస్తే గంజి కట్టేస్తాది. రేపు నూలు ఎవరిస్తారు మనకి?"

ఇరువది నిమిషములలో గాలి వచ్చినది. పడుగు ఒక చివర ఊడి దుమ్ములో పొరలి చిక్కుపడినది. దాని మీద వాన కురిసినది. దానిని రక్షింపబోయి నలుగురు తడిసిన నూలు పట్టుకొని వీధి మధ్య నిలిచియుండగా, వీధి చివరి కొబ్బరిచెట్టు తలమీద పిడుగు పడినది. చెట్టు మండినది. మనుష్యులకు ఏమియు కాలేదు. ఆ కుటుంబమువారు నేటికిని ఆ దినమును తలచి దేవునికి దండము పెట్టుదురు. పాడైన నూలు ఖరీదు మాత్రము కూలిలో మినహాయింపబడినది.

ఈ సంగతి విన్న కొందరు ఆ పెద్దాయనది మొండితనమనిరి. మేము అట్లు తలంచుట లేదు. ఆయన లెక్క ఆయన వేసికొనెను. పడుగు తీసినచో గంజి పాడై ఒక పూట పని తప్పక పోవును. తీయకున్నచో వాన రావచ్చును, రాకపోవచ్చును. తప్పక కలుగు నష్టము ఒకవైపు, కలుగునో లేదో తెలియని నష్టము ఒకవైపు. రెండును తన నెత్తిననే ఉన్నప్పుడు పేదవాడు ఏమి చేయును? ముందుకే పోవును. నూలు ఆలస్యము చేసినవారికి ఆ లెక్కలో భాగము లేదు. గడువు పెట్టినవారికి భాగము లేదు. హెచ్చరిక సరిగానే వచ్చినది, సమయమునకే వచ్చినది. దానిని పాటించు స్తోమత మాత్రము ఆయనకు లేకపోయినది. దోషము ఇక్కడ ఉన్నది.

ఆయన చెప్పిన మరియొక మాటను గూడ మనము త్రోసివేయరాదు. "మొన్నా ఇలాగే వచ్చిందన్నావు, చుక్క పడలేదు" అనునది ప్రతి వీధిలో వినబడు మాట. ఇందులో నిజము కలదు. సూచన జిల్లా అంతటికి ఇత్తురు. మేఘము మాత్రము కొన్ని ఊళ్ళను మాత్రమే తడుపును. కాబట్టి హెచ్చరిక వచ్చిన దినములలో పెక్కుసార్లు మన వీధిలో వాన పడదు. ఇది వాతావరణ శాఖ అబద్ధమాడుట గాదు. పిడుగు మేఘము యొక్క స్వభావమే అట్టిది. పదిసార్లు హెచ్చరిక వచ్చి ఎనిమిదిసార్లు వాన తప్పిపోయినదనుకొందము. పదిసార్లు రెండేసి గంటల పని ఆపినచో పోవునది ఇరువది గంటలు. ఆపనిచో ఆ రెండుసార్లలో పోవునది రెండు పడుగులు, లేదా ఒక ప్రాణము. ఇరువది గంటల కూలిని వీధివారందరును, సంఘమును కలిసి పంచుకొన్నచో అది ఎవరికిని పెద్ద భారము గాదు. ఒక పడుగు నష్టము ఒక ఇంటి మీద పడినచో అది అప్పుగా మారి ఏండ్ల తరబడి వెంటాడును.

మన పెద్దలకు ఆకాశము చదువుట వచ్చును, ఫోను ఎందుకు అను వారును కలరు. పెద్దల అనుభవమును మేము తీసివేయము. గాలి స్తంభించుట, వాయవ్యమున మబ్బు కమ్ముట, చల్లని గాలి ఒక్కసారి తగులుట అన్నియు నిజమైన గుర్తులే. కాని ఆ గుర్తులు కనబడునప్పటికి మనకు మిగులునది పదిహేను ఇరువది నిమిషములు. పడుగు విప్పి చుట్టి లోపల పెట్టుటకు అది చాలదు. రాడారు కొండల ఆవలి మబ్బును గూడ చూచును. కాబట్టి ఫోను సూచన చూచి సిద్ధపడవలెను; ఆకాశపు గుర్తు చూచి లోపలికి పోవలెను. రెండును అవసరమే.

భాష విషయము గూడ ఆలోచింపదగినది. ఒడిశాలో సూచనలు భువనేశ్వరపు కేంద్రమునుండి వెలువడును. ఒడియాలోను, ఇంగ్లీషులోను మనకు చేరును. తమిళదేశములో స్థిరపడిన మనవారికి అవి తమిళములో చేరును. ఇంట తెలుగు మాత్రమే చదువగలిగిన పెద్దలకును, ఏ లిపియు రాని ముసలి అమ్మలకును ఆ సందేశము ఒక చప్పుడు మాత్రమే. బడికి పోవు మన పిల్లలు ఆ భాషలను చక్కగా చదువుదురు. సందేశమును చదివి వీధికంతటికి మన మాటలో చెప్పు పని వారికి అప్పగించినచో, వారి చదువుకును వీధిలో ఒక గౌరవము కలుగును.

ఇక మా సూచనలు. ఇవి ఖర్చుతో కూడినవి గావు, కట్టుబాటుతో కూడినవి.

మొదటిది. ప్రతి నేతవీధికి వారమునకొక ఇల్లు చొప్పున వంతు పెట్టుకొని, ఆ ఇంటివారు ఉదయము ఏడు గంటలకు, మధ్యాహ్నము పండ్రెండింటికి, మూడింటికి సూచనలు చూచి వీధిలో చెప్పవలెను. గుడి గంటయో, ఇనుప పట్టీయో ఒకటి గుర్తుగా ఏర్పరచుకొనవలెను. మబ్బు కమ్మక ముందే దానిని మ్రోగించవలెను. ఉరుములు మొదలైన పిమ్మట ఆరుబయట నిలిచి ఇనుము పట్టుకొనుట ప్రమాదము.

రెండవది. రంగులకు పనిని ముడిపెట్టుకొనవలెను. పసుపు దినమున మధ్యాహ్నము తరువాత క్రొత్త పడుగు పరచరాదు. అద్దకము చేసి ఆరవేసిన చిలపలను ఒక్క చుట్టులో తీయునట్లు దగ్గరగా కట్టవలెను. నారింజ దినమున పడుగు పని తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకు ముగించవలెను, లేదా మరునాటికి వాయిదా వేయవలెను. రేకులకు త్రాళ్ళు బిగించవలెను. మగ్గపు గుంట చుట్టు మట్టికట్ట సరిచూడవలెను. ఎరుపు దినమున ఆరుబయట నూలు పని చేయనే చేయరాదు. తక్షణ సూచన వచ్చినచో, ఏ రంగు దినమైనను, పరచినది పరచినట్లు చుట్టివేయవలెను. ఆ సమయమున వాదనకు తావీయరాదు.

మూడవది. ఇదియే ముఖ్యము. హెచ్చరిక వచ్చిన దినములకు గడువు పొడిగింపు ఉండవలెనని ప్రతి సంఘమును తీర్మానము చేయవలెను. సంఘము పేర పుస్తకములో ఆ తేదీ, ఆ గంట, వచ్చిన సూచన వ్రాసిపెట్టినచో తరువాత తగవుండదు. సూచనను పాటించి పడుగు తీసినందున గంజి పాడైనచో ఆ ఖర్చు సంఘపు నిధినుండి ఇయ్యవలెను. నూలు ఆలస్యముగా ఇచ్చినవారు ఆ ఆలస్యమునకు బాధ్యత వహింపవలెను. సంఘములలో లేక ఆసాముల క్రింద నేయువారి విషయములో ఈ మాట చెప్పుట సులభము గాదని మాకు తెలియును. ఆసాములలోను మనవారున్నారు, వారిలోను న్యాయము తెలిసినవారున్నారు. పాడైన పడుగు వారికిని నష్టమే గదా.

నాలుగవది. నష్టము జరిగినచో దానిని వ్రాసి ఉంచవలెను. ప్రభుత్వపు విపత్తు సహాయ నిబంధనలలో చేనేత, హస్తకళలవారికి పనిముట్లు పాడైనను, ముడిసరుకు గాని తయారగుచున్న సరకు గాని పాడైనను కొంత సహాయము చేయు అంశము కలదు. దానికి అధికారుల ధ్రువీకరణ కావలెను. తడిసిన పడుగును ఎండబెట్టి, ఆరు వారములకు అర్జీ వ్రాయుటవలన ప్రయోజనము లేదు. ఆ దినముననే ఫోటో తీసి, సంఘ కార్యదర్శి చేత వ్రాయించి, స్థానిక అధికారికి అందజేయవలెను.

అయిదవది. సంఘ భవనమునకు పిడుగు నిరోధక కడ్డీ పెట్టించవలెను. ఆ కడ్డీ నుండి లోహపు పట్టీ భూమిలోనికి సరిగా దిగియుండవలెను. అది దిగిన గుంట వేసవిలో ఎండిపోకుండ నీరు పోయుచుండవలెను. కడ్డీ పెట్టి భూమికి సంబంధము చెడగొట్టుకొనుట కడ్డీ లేకుండుట కంటె హాని.

వీటితోబాటు ఇంటివారందరు గుర్తుంచుకొనవలసిన కొన్ని విషయములు కలవు. మెరుపు కనబడిన పిమ్మట ఉరుము వినబడువరకు సెకండ్లు లెక్కపెట్టి మూడుతో భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో తెలియును. ముప్పది సెకండ్ల లోపున ఉరుము వినబడినచో అది పది కిలోమీటర్ల లోపున ఉన్నదన్నమాట. వెంటనే లోపలికి పోవలెను. వాన నిలిచినది గదా యని వెంటనే బయటికి రారాదు. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట ఆగవలెను. చెట్టు క్రింద నిలువరాదు. మన దేశములో పిడుగుపాటున పోయినవారిలో చాలమంది వానకు చెట్టు నీడ చేరినవారే. ఎత్తైన చెట్టును పిడుగు వెదకుకొని వచ్చును; చెట్టునుండి ప్రక్కనున్న మనిషికి దుముకును; భూమిలో ప్రాకి కాళ్ళ గుండ పోవును. ఎక్కడికిని పోవుటకు వీలులేని చోట చిక్కుకొన్నచో కాళ్ళు దగ్గరగా చేర్చి కూర్చొనవలెను గాని నేల మీద పండుకొనరాదు.

మగ్గము వద్ద గూడ జాగ్రత్త అవసరము. ఉరుములు దగ్గర పడినప్పుడు కండెలు చుట్టు మోటారు ఆపి తీగ ఊడదీయవలెను. నీరు చేరి తడిసిన గుంటలో కాళ్ళు పెట్టుకొని, పైన విద్యుద్దీపపు తీగ వ్రేలాడుచుండగా నేయుచు కూర్చొనుట మంచిది గాదు. ఆ అరగంట లేచి వచ్చి పొడినేల మీద కూర్చొనవలెను. పిడుగు తగిలిన మనిషిని తాకినచో మనకు విద్యుత్తు తగులునని కొందరు వెనుకాడుదురు. అది అపోహ. ఆ శరీరములో విద్యుత్తు నిలిచి యుండదు. శ్వాస ఆగినచో వెంటనే గుండెను నొక్కి, శ్వాస ఊది, ఆసుపత్రికి చేర్చినచో బ్రతికినవారు కలరు. ఈ పద్ధతిని ప్రతి వీధిలో ఇద్దరు ముగ్గురు యువకులైనను నేర్చుకొనుట మంచిది.

ఈ పత్రికను చదువు యానాములోని సోదరులకు ఒక మాట. వాతావరణ శాఖవారు తీరాంధ్రను, యానామును ఒకే విభాగముగా పేర్కొని సూచన ఇచ్చుచున్నారు. మీ పరిపాలన పుదుచ్చేరిదైనను ఈ విషయమున మీ ఆకాశము కాకినాడ ఆకాశమే. తమిళ తీరమున నున్న మనవారికి పిడుగువానల కాలము కొంత భేదింపవచ్చును. షోలాపురము మొదలైన లోపలి పట్టణములలో నున్న మనవారికి సముద్రపు గాలి లేకున్నను, చైత్ర వైశాఖములలో ఉరుముల వాన తప్పదు. కాలములు వేరైనను, మేము చెప్పిన కట్టుబాటు అన్నిచోట్లకు పనికివచ్చును. మీ మీ ప్రాంతపు అనుభవములను వ్రాసి పంపినచో అందరికిని మేలు.

మన వృత్తిలో పడుగు ఒక్కని చేతి పని గాదు. ఆసు పోయువారు ఒకరు, అచ్చు అతుకువారు ఒకరు, గంజి పెట్టువారు పదిమంది. పది చేతులు కలిసి నిలబెట్టిన పడుగును వాన తడిపినప్పుడు ఆ నష్టమును ఒక్క ఇంటికి విడిచిపెట్టుట మన పద్ధతికే విరుద్ధము. రానున్న చైత్రమునకు ముందుగా ప్రతి సంఘమును సర్వసభ్య సమావేశము జరిపి, వంతుల పట్టీ వ్రాసి, గడువు పొడిగింపును గూర్చి తీర్మానము చేసి, ఆ తీర్మానపు నకలును సంఘ భవనపు గోడ మీద అంటించవలెనని మా మనవి. ఆ తీర్మానము ముందే ఉండియున్నచో ఆనాడు మనుమడు పరుగున వచ్చినప్పుడు ఆ పెద్దాయన తాను లెక్క వేసికొనవలసిన పని లేకుండ, "సరే, తీసేద్దాం పట్టండిరా" అని యుండెడివాడు.